ఎండిపోయిన చేనుకు కాపలా

నవంబరు రెండో వారం వచ్చేసరికి నల్లగట్టుపల్లె పొలాల్లో కాపలా కాయదగ్గది ఏమీ మిగల్లేదు. జూలైలో పడ్డ రెండు మంచి వానలను నమ్మి విత్తిన వేరుశనగ, ఊడలు భూమిలోకి దిగే వేళకు చుక్క లేక నిలబడ్డచోటే మాడిపోయింది. కొందరు చేలు దున్నేశారు. కొందరు గొర్రెల మందలు తోలించి, మేత కింద వచ్చిన కాస్తా తీసుకున్నారు. ఉరుకుందమ్మ మాత్రం పొద్దున్నే సద్ది మూట కట్టుకుని, కట్టె ఒకటి చేతబట్టుకుని వెళ్ళి, తన నాలుగెకరాల ఎండు చేను గట్టున కూర్చునేది. పొద్దు వాలేదాకా అక్కడే. మేక మెడ చాపినా లేచి అదిలించేది.

దారినపోయేవాళ్ళకు అదొక వేడుకైంది.

"ఏం కాస్తాండావమ్మీ? దొంగలు పడి ఎత్తకపోతారనా?" అన్నాడు గొర్రెల కంబన్న. డెబ్బై ఏళ్ళవాడు, ఊరందరికీ మామ. ఆ చేను మీద ఆయనకు ఆశ ఉంది. "రెండు దినాలు నా మందను తోలనీ. దుడ్లు ఇస్తా. ఎరువు కూడా పడుతుంది."

"ఇప్పుడు కాదు మామా."

"ఇంకెప్పుడు? ఆకంతా గాలికి పోయినంక మేపేదానికి ఏముంటాది?"

"ఆఫీసరు వచ్చి చూసిపోనీ. అంతవరకు ఒక్క చెట్టు పీకనియ్యను."

కంబన్న ఆమె ముఖం చూశాడు. మందను మళ్ళించుకుని పక్కనున్న రాతిగుట్ట వైపు తోలుకుపోయాడు.

సంగతి అంతకు వారం ముందు మొదలైంది. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించారు. పంట పోయిన రైతులకు ప్రభుత్వం పెట్టుబడి రాయితీ ఇస్తుందనీ, ఎవరెవరికి వస్తుందో రైతు సేవా కేంద్రంలో జాబితా పెట్టారనీ విని ఉరుకుందమ్మ వెళ్ళింది. జాబితా గోడకు అంటించే ఉంది, కాకపోతే తలుపు తెరిస్తే ఆ తలుపు వెనక దాక్కునే చోట. ఆమె తలుపు మూసి, గోడకు దగ్గరగా నిలబడి, వేలుతో గీత గీసుకుంటూ చదివింది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. కాగితం చూసి భయపడే అలవాటు ఆమెకు లేదు.

సర్వే నంబరు మూడువందల పద్దెనిమిది బై రెండు. పేరు ఉరుకుందమ్మ. నాలుగెకరాలు. పంట అన్న గడిలో రెండే మాటలు: సాగు లేదు.

మూడుసార్లు చదివింది. తప్పు చదివానేమో అనుకుంది. తరువాత చూపు కింది గీత మీదికి జారింది. మూడువందల పంతొమ్మిది. ఓబుళేశు. పన్నెండెకరాలు. వేరుశనగ. నష్టం నూరు శాతం.

పంతొమ్మిది నంబరంటే ఆమె చేనును ఆనుకుని ఉన్న రాతిగుట్ట. దాని మీద విత్తే గొర్రు తోలినవాడు ఊళ్ళో ఎవరూ లేరు. తోలడానికి మట్టి ఉంటే కదా. ఓబుళేశుకు ఊరి మధ్యలో ఎరువుల కొట్టు ఉంది. సగం ఊరు ఆయన దగ్గర విత్తనాలు అప్పు తెచ్చుకుంటుంది. అధికారులు ఊరికి వస్తే ముందు టీ తాగేది ఆయన వరండాలోనే.

ఉరుకుందమ్మ నేరుగా బల్ల దగ్గరికి పోయింది. బల్ల వెనక వ్యవసాయ సహాయకురాలు పవిత్ర కూర్చుని ఉంది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన పిల్ల, నెమ్మదస్తురాలు.

"పాపా, నా చేన్లో సాగు లేదని రాసినారేంటికి? ఆగస్టులో నువ్వే వచ్చినావు కదమ్మా. నన్ను చేన్లో నిలబెట్టి ఫోటో తీసుకున్నావు."

పవిత్ర ట్యాబు మీదనుంచి తల ఎత్తలేదు. "సైటులో అట్ల పడిందక్కా. అర్జీ ఇయ్యి. సార్ చేనుకు వచ్చి చూస్తాడు. పంట ఉంటే మారుస్తారు."

"ఉంటే ఏందమ్మా? ఉండాది. చచ్చిపోయి ఉండాది."

అర్జీ అక్కడే కూర్చుని రాసింది. తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకుని కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే పవిత్ర వెనకే వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "అక్కా, సార్ వచ్చేదాకా చేను దున్నొద్దు. మేకల్ని కూడా పోనియ్యొద్దు." అంతే. గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచే కాపలా.

ఆమె మొగుడు వీరేష్ ఎర్రగుంట్లలో సిమెంటు లారీలకు లోడెత్తే పని చేస్తాడు. పదిహేను రోజులకోసారి డోనులో రైలు దిగి ఇంటికి వస్తాడు. ఆ నాలుగెకరాలూ పన్నెండేళ్ళు ఆయన మోసిన బస్తాల మీద కొన్నవే. రిజిస్ట్రేషను మాత్రం భార్య పేరున చేయించాడు. "మోసేది నేనైనా సేద్యం చేసేది నువ్వే కదా" అన్నాడు ఆనాడు. ఈసారి వచ్చి సంగతి విన్నాక తల పట్టుకున్నాడు.

"ఓబుళేశుతో మనకెందుకే? రేపు విత్తనాలకు ఆయన గడప తొక్కాల. పోతే పోనీ, ఎంత వస్తాదిలే. నేను రెండు లోడ్లు ఎక్కువ ఎత్తుతా."

"దుడ్ల కోసం కాదు అంటే నమ్మవు. దుడ్లూ కావాల, నావే కాబట్టి. కానీ వాళ్ళు ఏం రాసినారో తెలుసునా నీకు? సాగు లేదని. నేను బీడు పెట్టినానంట. గొర్రు వెంబడి రెండు దినాలు నడిచి సాళ్ళలో ఇత్తనం పోసింది ఎవరు? మూడుమార్లు కలుపు తీసింది ఎవరు? నడుం పట్టుకపోయి పదినాళ్ళు గోడ పట్టుకొని నడిచింది ఎవరు? ఆ పన్నెండేండ్ల బస్తాలు బీడు కొనేదానికే మోసినావా నువ్వు?"

వీరేష్ కోపంగా అన్నం తిని పడుకున్నాడు. తెల్లవారి ఆమె చేనుకు వెళ్ళేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. సర్కారుతుమ్మ కంపలు నరికి, గట్టు తెగిన చోట్లన్నీ కప్పుతున్నాడు. చేతుల నిండా గీతలు, నెత్తురు. "పొద్దున రైలుందిగదా నీకు?" అంది ఆమె. "మధ్యాన్నం దానికి పోతా. మేకలు ఈ సందులోనించే వస్తాండాయి, చూసినావా?" అన్నాడాయన.

పది రోజులు గడిచాయి, పదిహేను గడిచాయి. ఆఫీసరు రాలేదు. ఎండిన ఆకు గలగలలాడుతూ రాలుతోంది. కాడలు నల్లబడుతున్నాయి. ఏ రైతూ చచ్చిన పంటను అన్నాళ్ళు కళ్ళెదుట పెట్టుకోడు. దున్నేసి మరిచిపోతాడు. ఆమెకు మరిచిపోయే వీలు కూడా లేకపోయింది.

ఒకరోజు ఓబుళేశే వచ్చాడు. బండి దారిలో ఆపి, గట్టు దాకా నడిచి వచ్చాడు. మాట మెత్తగానే ఉంది.

"ఏంది ఉరుకుందమ్మా, ఎండకు మాడిపోతాండావు. అర్జీ పెట్టినావంట. నాకొక మాట చెప్పింటే పోయేది కదా. నీ పేరు నేను చేర్పిస్తా. నువ్వు చేను దున్నేసి ఇంటికి పో."

"చేర్పిచ్చేటట్లయితే దున్నేది ఎందుకన్నా? వాళ్ళొచ్చి చూసినంక నేనే దున్నుకుంటా."

"చూసేదానికి ఏముందిక్కడ?"

"చూసేదానికి ఏమీ లేకపోతే, చూస్తే నీకేమి నష్టం?"

ఆయన ముఖం మాడింది. ఒక్క క్షణం ఆమెకు అంతా అర్థమైనట్టనిపించింది. ఆఫీసరు ఈ చేనుకు వస్తే పక్కనున్న గుట్ట కూడా కనపడుతుంది. అది కళ్ళున్న ఎవరికైనా రాతిగుట్టే. ఆయన భయం అదీ.

"ఆడదానివని నిదానంగా చెప్తాండా," అన్నాడు ఓబుళేశు. "మల్ల నన్ను అనొద్దు."

రెండు రోజులకు ట్రాక్టరు వచ్చింది. ఓబుళేశు ట్రాక్టరే. డ్రైవరు ధనుంజయ వెనక నాగళ్ళు దించుకుని, కంప పక్కకు తోసి చేనులోకి తిప్పాడు. ఉరుకుందమ్మ అప్పుడే బువ్వ తిని చేయి కడుక్కుంటోంది. చెంబు వదిలేసి పరిగెత్తింది.

"ఎవరు దున్నమన్నారు నిన్ను?"

"ఓబుళేశన్న పంపినాడక్కా. ఊరికేనే దున్నమన్నాడు, నీకు సాయమంట. బాడుగ కూడా వద్దన్నాడు."

"నాకు అక్కర్లే. వెనక్కి తిప్పు."

"దున్నకుండా వస్తే నా పని పోతాదక్కా. పక్కకు జరుగు." ఇంజను గొంతు పెంచాడు.

ఆమె పక్కకు జరగలేదు. ముందు టైర్ల ఎదుట, సాలులో, కాళ్ళు చాపుకుని కూర్చుంది. కట్టెను ఒళ్ళో పెట్టుకుంది. ఇంజను వేడి ముఖానికి కొట్టింది. డీజిలు పొగకు కళ్ళనీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. పక్క చేలల్లో మాడిన కందిలో మిగిలిన నాలుగు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. అందులో హంపమ్మ, ఆమెకు వరసకు వదిన, ఒడిలోని కాయలు కింద పోసి వచ్చింది. ఏమీ అడగలేదు. పక్కన కూర్చుంది. ఆమె వెంట ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు.

ధనుంజయ ఇంజను ఆపాడు.

"మా అమ్మ చేను కూడా ఈ పట్టీలో లేదక్కా," అన్నాడు. "అడిగే ధైర్యం లేక ఊరుకున్నాం." ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గ్రామసభ ఆ వారాంతంలోనే పెట్టారు. సచివాలయం ముందు షామియానా వేసి, బల్ల వేసి, మండల వ్యవసాయాధికారి కూర్చున్నాడు. ఆయన పక్కన పవిత్ర, ట్యాబుతో. ముందు వరస కుర్చీల్లో ఓబుళేశు. అధికారి జాబితాను ఎవరికీ అందనంత వేగంగా చదివాడు. నిజానికి ఆయన చెడ్డవాడుగా కనపడలేదు. అలసిపోయినవాడుగా కనపడ్డాడు.

"అభ్యంతరాలున్నాయా? లేకపోతే తీర్మానం రాసుకుందాం."

ఉరుకుందమ్మ లేచింది. అర్జీ కాగితం తీసి చూపింది.

"నీ అర్జీ పరిశీలనలో ఉందమ్మా."

"ఎవరు పరిశీలిస్తాండారు సార్? ఇరవై రెండు దినాల నుంచి నేను చేన్లోనే ఉండా. ఎవరూ రాలే."

సభలో నవ్వులు. అధికారి చెమట తుడుచుకున్నాడు. "నాకు ఇరవై ఊర్లమ్మా. అన్ని చేలూ తిరగాలంటే సాధ్యమా? అందుకే ఫోటోలు పెట్టేది. నీ నంబరు కింద ఫోటో లేదు."

ఆ మాట ఉరుకుందమ్మను పట్టి ఆపింది. ఫోటో లేదు. ఆగస్టులో తను నిలబడింది. తల మీది కొంగు సరిచేసుకుంది. పవిత్ర "కొంచెం ఇటు చూడక్కా" అంది. ఆ ఫోటో ఎక్కడికి పోయినట్టు?

ఆమె అధికారిని వదిలి పవిత్ర వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"పాపా, నన్ను తీసిన ఫోటో యాడ పెట్టినావమ్మా?"

ముందు వరసలో ఓబుళేశు గట్టిగా దగ్గాడు. పవిత్ర ఆయన వైపు చూసింది, అధికారి వైపు చూసింది, ఆఖరికి తెర మీద వేలు జరిపి ట్యాబును అధికారి ముందుకు తిప్పింది.

"మూడువందల పంతొమ్మిది కింద ఉండాది సార్. పెట్టమన్నారు, పెట్టినా. తప్పు నాదే."

అధికారి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. తెర మీద పచ్చని చేను. మధ్యలో ఎర్ర కొంగు తలకు చుట్టుకుని, చేతిలో కలుపు తీసే తొలికతో ఉరుకుందమ్మ. కింద రైతు పేరు: ఓబుళేశు. పన్నెండెకరాలు. ముందున్నవాళ్ళు మెడలు చాచి చూశారు. వెనకవాళ్ళు అడిగారు, ముందువాళ్ళు చెప్పారు. కంబన్న కట్టె మీద వాలి లేచి నిలబడి, సభంతా వినేట్టు అడిగాడు.

"ఏమప్పా ఓబుళేశూ, నువ్వు చీరెప్పుడు కట్టినావు?"

సభ గొల్లుమంది. ఓబుళేశు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "కంప్యూటరు తప్పుకు నన్నంటారేంది? నంబరు పక్కనే ఉండాది, అటుదిటు పడినట్టుంది."

"నా గొర్రెలు ముప్పయ్యేండ్ల నుంచి ఆ గుట్ట మీదే తిరుగుతాండాయి," అన్నాడు కంబన్న. "అంత శెనక్కాయ ఉండింటే నాకంటే అవి ముందు చూసిండవా?"

అధికారి చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. "సరే, సరే. పొరపాటు జరిగింది. ఉరుకుందమ్మ పేరు చేరుస్తాం. ఇద్దరికీ ఇబ్బంది లేకుండా చూద్దాం. కూర్చోమ్మా."

ఆమె కూర్చోలేదు.

"ఇద్దరికీ అంటే ఎట్ల సార్? ఒక చేనుకు ఇద్దరి పేర్లా? చేను చూసి రాయండి. చూడకుండా రాసినందుకే కదా ఇట్లయింది."

"ఈ ఎండలో..."

"నేను ఇరవై రెండు దినాలు కూర్చున్న ఎండే సార్ ఇది. మీరు ఒక్క గంట చూస్తే చాలు."

ఇరవై ఊర్లున్న అధికారి లేచాడు. ఆయన లేచాక జనమూ లేచారు. బూట్లకు ఎర్రమట్టి పట్టించుకుంటూ ఆయన ముందు, పవిత్ర వెనక, వాళ్ళ వెనక సగం ఊరు. ఓబుళేశు రాలేదు. చేను దగ్గర ఉరుకుందమ్మ కంప పక్కకు లాగి దారి చేసింది. అధికారి వంగి ఒక మొక్క పట్టుకు లాగాడు. వేళ్ళకు నాలుగు కాయలు, నాలుగూ లొట్టవి. నలిపితే పొడి రాలింది. ఇంకో చోట లాగాడు. అదీ అంతే. సాళ్ళ వెంట చివరిదాకా నడిచి వచ్చాడు.

"కలుపు కూడా లేదే," అన్నాడు.

"మూడుమార్లు తీసినా సార్," అంది ఉరుకుందమ్మ. చెయ్యి చాపి గుట్ట చూపించింది. "అది కూడా చూడండి సార్. ఆనుకునే ఉండాది."

అధికారి గడియారం చూసుకున్నాడు. జనం కదలకుండా నిలబడి ఉన్నారు. చేసేది లేక గట్టు దాటి గుట్ట ఎక్కాడు. బూటు కింద రాళ్ళు జారాయి. నాలుగు బోదగడ్డి దుబ్బులు, ఒక బలుసు పొద, గొర్రెల పెంటికలు. దిగి వచ్చి, చేను గట్టున కూర్చుని పంచనామా రాశాడు. రెండు నంబర్లూ రాశాడు. ఉరుకుందమ్మ చదివాకే సంతకం పెట్టింది. హంపమ్మ వేలిముద్ర వేసింది. ధనుంజయ జనం వెనకనుంచి ముందుకొచ్చి, తల్లి చేను సంగతి అధికారికి చెప్పుకున్నాడు. అప్పటికప్పుడు ఇంకో ఏడుగురు చెప్పుకున్నారు.

అన్నీ సరిగా జరిగాయని కాదు. రాతిగుట్ట పేరు జాబితాలోనుంచి పోయింది కానీ, కాగితాల్లో అది 'సాంకేతిక పొరపాటు' అయింది. ఓబుళేశును ఎవరూ ఏమీ అడగలేదు. పవిత్రకు మెమో ఇచ్చి, బనగానపల్లె అవతలి ఊరికి బదిలీ చేశారు. బస్సెక్కే రోజు ఉరుకుందమ్మ వెళ్ళి ఆమె సంచి మోసింది. "నీకు కోపం లేదా అక్కా?" అంది ఆ పిల్ల. "ఉండాది. నువ్వు పెట్టకుండా ఉండాల్సింది," అంది ఉరుకుందమ్మ. "అయినా పదిమందిలో చెప్పినావు. అది కూడా నాకు గుర్తుండాది." ఫిబ్రవరిలో డబ్బు ఖాతాలో పడింది. పెట్టిన పెట్టుబడికి సగం కూడా కాదు. వీరేష్‌కు ఫోను చేసి చెబితే, "ఎంత?" అని అడగలేదు. "పట్టీలో ఏమని రాసినారు?" అని అడిగాడు.

"వేరుశనగ అని రాసినారు," అంది.

జూన్‌లో మబ్బులు కట్టాయి. ఉరుకుందమ్మ ఎరువుల కొట్టుకు పోయి విత్తనాలు అడిగింది. కొట్టునిండా బస్తాలున్నాయి. ఓబుళేశు ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నీకు లేవు."

"అప్పుకు అడగలేదన్నా. రొక్కం."

"రొక్కానికీ లేవు. నీ పక్కన కూర్చొని సాయం చేసినోళ్ళకు కూడా లేవని చెప్పు."

ఆమె చెప్పింది. మర్నాడు పొద్దున బస్సుకు హంపమ్మ, ధనుంజయ తల్లి, ఇంకో నలుగురు ఆమెతోబాటు డోనుకు బయలుదేరారు. అక్కడ నాలుగు కొట్లు తిరిగారు. కాయలు ఒలిచి, పప్పు కొరికి చూసి, బేరమాడి కొన్నారు. కొట్టువాడు రసీదు ఎందుకులే అన్నాడు. రాసిచ్చేదాకా వీళ్ళు కదల్లేదు. తిరుగు బస్సులో కండక్టరు ఇన్ని బస్తాలా అని గొడవ పెట్టుకుంటే, హంపమ్మ బస్తాకో టిక్కెట్టు కొట్టమని నోరు మూయించింది.

ఊళ్ళో బస్సు ఆగేది ఎరువుల కొట్టు ఎదురుగానే. ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు, బస్తాలు దింపుకున్నారు. ఓబుళేశు అరుగు మీదనుంచి చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళు తెచ్చుకుంటారు డోనునుంచి?" అన్నాడు.

ఉరుకుందమ్మ తలమీద గుడ్డ చుట్ట కుదురుగా పెట్టుకుంది. హంపమ్మ ఒక పక్క, ధనుంజయ తల్లి ఒక పక్క పట్టి బస్తా ఎత్తి ఆమె తలమీద పెట్టారు.

"సేద్యం చేసినన్నాళ్ళు," అంది. మెడ బిగించి, బస్తా తూగకుండా, కొట్టు ముందునుంచే ఇంటికి నడిచింది. పడమట ఉరుముతోంది. వాన పడి నేల పదును అయితే ఎల్లుండే గొర్రు కట్టాలి.